మాణిక్యమ్మగారి బియ్యం పరీక్ష

ఆ శుక్రవారం పొద్దున ప్రమీలారాణి వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిది గంటల బస్సెక్కి గంపలగూడెం వెళ్ళాలి, పదకొండు లోపల బళ్ళో టీచరుగా చేరినట్టు సంతకం పెట్టాలి. మూడేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన ఆర్డరు అది. ఇవాళే ఆఖరి రోజు. దాటితే ఉద్యోగం లిస్టులో తర్వాతి ఆవిడకు పోతుంది. ఆ కంగారులో ఆమె చేసిన తప్పల్లా కాఫీ వద్దనడం.

"కాఫీ కూడా సయించట్లేదా? కామెర్లే!" అంటూ గడపకు పసుపు రాస్తున్న అత్తగారు మాణిక్యమ్మ లేచింది.

కామెర్లు పట్టడంలో తిరువూరు మొత్తానికి తనను మించినవారు లేరని మాణిక్యమ్మ నమ్మకం. ఆవిడ పద్ధతి సులువు. మూత్రం పట్టిన సీసాలో చారెడు బియ్యం వేసి అరగంట ఉంచాలి; పచ్చబడితే కామెర్లు. కోడలి చేత సీసా పట్టించి, ఆ పసుపు చేత్తోనే డబ్బాలోంచి బియ్యం తీసి వేసింది. అరగంటకు బియ్యం నిమ్మపండులా తయారయ్యాయి.

"అంటురోగంరా, నువ్వూ పట్టు" అని కొడుకు సీతారామారావుకు ఇంకో సీసా ఇచ్చింది. అతనికి సిగ్గెక్కువ. పెరట్లోకి వెళ్ళి, అటూ ఇటూ చూసి, నూతినీళ్ళు నింపి తెచ్చాడు. ఆ బియ్యమూ పచ్చబడ్డాయి. నిజం చెబితే అమ్మ చంపుతుంది, చెప్పకపోతే కామెర్లు. కాసేపు ఆలోచించి కామెర్లకే ఒప్పుకున్నాడు.

ప్రమీలను బస్టాండులో దింపడానికి వచ్చిన రిక్షా ఖాదర్‌బాషాకూ తప్పలేదు. అతనిదీ పసుపే.

"పొద్దుట్నుంచి మూడు ట్రిప్పులు తొక్కానమ్మగారూ! నాకు రోగమేంటండీ?"

"తెలీక తొక్కావు."

చివరికి మాణిక్యమ్మ శుభ్రంగా చేతులు కడుక్కుని తన సీసాలోనూ బియ్యం వేసుకుని, వెంటనే చూసింది. తెల్లగా ఉన్నాయి. "నేనొక్కదాన్నే మిగిలాను మిమ్మల్ని చూసుకోడానికి" అని నిట్టూర్చి, నేల ఉసిరి నూరి ముగ్గురికీ తలో గ్లాసు పసరు పట్టించింది. గడప దాటొద్దంది.

ప్రమీలకు ఏడుపు తన్నుకొచ్చింది. "మూడేళ్ళ ఆర్డరు అత్తయ్యా! డాక్టరుగారు కూడా కామెర్లంటే ఆగిపోతాను. ఒక్కసారి చూపించండి!"

కోడలి ఏడుపు చూడలేక మాణిక్యమ్మ ఒప్పుకుంది. ఒక రోగి తొక్కగా, ఇద్దరు రోగులూ ఒక ఆరోగ్యవంతురాలూ రిక్షాలో డాక్టరు బాలశౌరి ఇంటికి చేరారు.

డాక్టరు బియ్యం పరీక్ష సంగతంతా విని, ముగ్గురి కనురెప్పలూ లాగి చూశాడు. "వీళ్ళకేమీ లేదు. ఆ పసరు వాసన తప్ప." తర్వాత మాణిక్యమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. ఆవిడ గోళ్ళ సందుల్లో పసుపు కనిపించింది.

"ఇవాళ శుక్రవారం కదండీ, గడపకి రాశాను. ఎంత కడిగినా గోళ్ళలోది పోదు" అందావిడ.

"ఆ చేత్తోనేనా బియ్యం వేసింది?" అంటూ ఆవిడ కళ్ళలోకి వంగి చూశాడు. "మీరొకసారి పైకి చూడండమ్మా."

"నా బియ్యం తెల్లగా వచ్చాయండీ!"

"బియ్యం తెల్లగానే ఉన్నాయమ్మా. కళ్ళే పచ్చగా ఉన్నాయి. ఈమధ్య ఎక్కడైనా సూది వేయించుకున్నారా?"

"సైకిలు మీద ఒకాయన వస్తాడండీ. బలానికని ఆరు వేశాడు. ఎంతమందికైనా ఒకటే సూది. సన్నది, నొప్పే తెలీదు."

"కామెర్లు ఆ సూదిలోంచే వచ్చుంటాయి" అన్నాడు డాక్టరు. తర్వాత ఆవిడ రక్తం తీసి, బెజవాడ పంపుతానన్నాడు. నూనె, కారం మానమన్నాడు.

జబ్బు లేదని తెలిశాక ఖాదర్‌బాషాకు కాళ్ళలో సత్తువ వచ్చింది. తొమ్మిదింటిది పోయినా, కదులుతున్న పదింటి బస్సును అందించాడు. పదకొండుకు పది నిమిషాలుందనగా ప్రమీల సంతకం పెట్టింది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి మాణిక్యమ్మ మంచం మీద చప్పటి మజ్జిగన్నం తింటోంది. అమ్మకు ఓపిక లేని సమయం చూసి సీతారామారావు ధైర్యం చేశాడు. "అమ్మా, పొద్దున నేనిచ్చింది నూతినీళ్ళే."

మాణిక్యమ్మ ముద్ద మింగి, పెరటివైపు చూసింది. "ఆ నుయ్యి మీద నాకెప్పట్నుంచో అనుమానమేరా."

మర్నాటి నుంచి మూడు రోజులు నూతిలో పసరు పోశారు.