వినడం నేర్చుకోవడానికి వెళ్లాం, వచ్చే మంగళవారం రండి

కుర్రకారుతో పనిచేసేవాళ్లకి కుర్రకారు కంటపడకుండా చూడాలి. అప్పుడే వాళ్ల పని బాగుపడుతుంది! ఈ మాట నేను నోటికొచ్చినట్టు అనడం లేదు. సర్టిఫికెట్ ఉంది కాబట్టి అంటున్నాను.

మీరే చెప్పండి. పదహారేళ్ల పిల్లలు ఎదురుగా ఉంటే ఎవరికైనా బుర్ర పనిచేస్తుందా? ఒకడు తలుపు ధడాలున వేస్తాడు. ఒకతి మూడు రోజులు ఉలకదు, పలకదు. ఇంకొకడు "ఏం లేదు" అంటాడు, ఆ ఏం లేదులో ఏముందో కనిపెట్టేసరికి మన జుట్టు నెరుస్తుంది. అదే ట్రైనింగ్ హాల్లో అయితేనా! చల్లటి ఏసీ, రంగురంగుల స్కెచ్ పెన్నులు, చార్టు మీద కుర్రకారు బొమ్మ. గుండ్రటి తల, దాంట్లోంచి ఒక బాణం, బాణం చివర "భావోద్వేగాలు" అని ఒక డబ్బా. ఆ డబ్బా ఎదురు చెప్పదు, తలుపులు వెయ్యదు.

మా వదిన సంగతే తీసుకోండి. లైబ్రరీ వెనక రెండు గదుల యూత్ సెంటర్లో పదేళ్లుగా పనిచేస్తోంది. ఒక క్యారమ్ బోర్డు, స్ప్రింగు బయటికొచ్చిన సోఫా, సాయంత్రమైతే పాతిక మంది పిల్లలు. ఇన్నాళ్లూ పాపం ఏ శిక్షణా లేకుండా, వాళ్లు చెప్పింది వింటూ నెట్టుకొచ్చింది. ఉత్త చెవులతో!

ఈ ఘోరం పైఆఫీసు చెవిన పడింది. వెంటనే "వినడం ఎలా?" అని ఎనిమిది వారాల కోర్సు పెట్టేశారు. ప్రతి మంగళవారం సాయంత్రం, నాలుగింటి నుంచి ఏడింటి దాకా. మంగళవారమే ఎందుకంటే ట్రైనర్ గారికి అప్పుడే ఖాళీ. పిల్లలు వదినతో విడిగా మాట్లాడుకునేది కూడా ఆ ఒక్క సాయంత్రమే అనుకోండి. ఆ మాత్రం సర్దుకోలేరా?

సెంటర్ తలుపుకి ఆఫీసువాళ్లే ఒక కాగితం అంటించారు: "మీ మాట వినడం నేర్చుకోవడానికి వెళ్లాం. వచ్చే మంగళవారం రండి." కింద హాలు అడ్రసు. వచ్చే మంగళవారం కూడా అదే కాగితం.

బ్యాచ్‌కి పన్నెండు మంది ఉండాలట, పదకొండు మందే తేలారు. వదిన నన్ను లాక్కెళ్లింది. "కూర్చుని బిస్కెట్లు తిను మరిదీ, నోరు మాత్రం తెరవకు" అంది. కాలమ్ రాసుకునే నాకు అంతకంటే ఏం కావాలి?

మొదటి వారం కళ్లలోకి చూడటం. నేను ఒక హాస్టల్ వార్డెన్ గారి కళ్లలోకి ఇరవై నిమిషాలు చూశాను. ఆయనకి శుక్లం ఉందని నేనే కనిపెట్టాను. రెండో వారం తల ఊపడం. మూడు రకాలు. ఒకటి "వింటున్నాను", రెండు "ఇంకా చెప్పు", మూడు "తప్పు నాదే". మూడోది ఎవరికీ పెద్దగా అవసరం పడదని ట్రైనర్ గారు ప్రాక్టీసు చేయించలేదు. మూడో వారం మౌనం. మౌనం గొప్పదనం గురించి ట్రైనర్ గారు మూడు గంటలు ఊపిరి తీసుకోకుండా మాట్లాడారు!

నాలుగో వారం నుంచి పసుపు కుర్చీ. హాలు మధ్యలో ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లే పదహారేళ్ల పిల్ల, మిగతావాళ్లు విని మార్కులు వెయ్యాలి. వచ్చే ఏడాది రిటైరయ్యే వార్డెన్ గారు స్నేహితురాళ్లు వెలేసిన పిల్లగా కూర్చుని, బుంగమీసాలు తడిసేలా ఏడ్చారు. పదికి తొమ్మిదిన్నర వచ్చింది.

వదినకి మాత్రం మనసు అక్కడ లేదు. టెన్త్ చదివే ఒక పిల్ల కోర్సు మొదలయ్యే ముందు ఆవిడ కొంగు పట్టుకుని, "మేడం, మంగళవారం వస్తా, మీతో ఒకటి చెప్పాలి" అందట. పిల్ల వచ్చిన మంగళవారమల్లా కాగితమే కనిపించింది. మిగతా రోజులు సెంటర్లో పాతిక జతల చెవులాయె.

"ఈ ఒక్క మంగళవారం నన్ను వదిలెయ్యండి సార్, ఒక పాప నాతో మాట్లాడాలంటోంది" అని వదిన ట్రైనర్ గారిని అడిగింది.

ఆయన మురిసిపోయారు. "చూశారా, వినాలన్న ఆత్రం! దాన్ని అదుపులో పెట్టుకోవడం ఎలాగో ఎనిమిదో వారంలో చెప్తాను."

ఏడో వారం, వదిన జిరాక్సులకని కిందికి వెళ్లినప్పుడు, తలుపు తోసుకుని ఒక పిల్ల వచ్చింది. భుజాన స్కూలు బ్యాగు. "మేడం లేరా?" అంది.

"రామ్మా, రా! కుర్చీలో నటించడానికి ఆఫీసువాళ్లు పంపిన ఆర్టిస్టువి కదూ?" అంటూ ట్రైనర్ గారు ఆమెని పసుపు కుర్చీలో కూలేశారు. "చెప్పు, మేమంతా వినేవాళ్లమే."

పిల్ల మా అందర్నీ చూసింది. ఇక ఆపుకోలేకపోయింది కాబోలు. "మూడు వారాలుగా నేను స్కూలుకి వెళ్లడం లేదు. రోజూ బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి, అదే బస్సులో తిరిగొస్తున్నా. ఇంట్లో తెలీదు. క్లాసులోకి వెళ్తే ఊపిరాడట్లేదు. రేపు అమ్మని రమ్మన్నారు. అమ్మతో ఎలా చెప్పాలో తెలీట్లేదు" అని వెక్కివెక్కి ఏడ్చింది.

మేం చప్పట్లు కొట్టాం.

"బస్సు కథ అతకలేదమ్మా" అన్నారు వార్డెన్ గారు. "ఈ కాలం పిల్లలు ఇలా మాట్లాడరు." ట్రైనర్ గారు చార్టు చూపించారు. "కన్నీళ్లు ముందే వచ్చేశాయి. మొదట కోపం రావాలి." నేను పదికి నాలుగు వేశాను. నాలుగు కూడా జాలిపడి వేసినవే.

గుమ్మంలో వదిన నిలబడి ఉంది. జిరాక్సుల కట్ట నా ఒళ్లో పడేసి, "ఎప్పుడొచ్చావే తల్లీ?" అంది.

"మార్కులు వేస్తున్నారు మేడం" అంది పిల్ల.

వదిన ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. "ఇంకా గంటుంది మేడం, అటెండెన్సు పోతుంది" అన్నారు ట్రైనర్ గారు. "ఆబ్సెంట్ వేసుకోండి సార్" అని వెళ్లిపోయింది.

కిటికీలోంచి చూశాను. మెట్ల మీద కూర్చున్నారు ఇద్దరూ. మేం నేర్చుకున్నదాంట్లో ఒక్కటీ పాటించలేదు వదిన! కళ్లలోకి చూడదు, ఇద్దరి చూపూ రోడ్డు మీదే. తల ఊపదు. అలా పక్కన కూర్చుందంతే. చాలాసేపటికి ఆ పిల్ల ఒకసారి నవ్వింది. తర్వాత ఇద్దరూ కలిసి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లారు.

కోర్సు అయిపోయింది. పదకొండు మందికి సర్టిఫికెట్లు వచ్చాయి. ఒక గంట అటెండెన్సు తక్కువైనందుకు వదినకి వినడం రాదని తేల్చి, కోర్సు మళ్లీ మొదటి నుంచి చెయ్యమన్నారు. ఆవిడ లేని మంగళవారాలు సెంటర్ చూసుకోవడానికి శిక్షణ పొందిన మనిషిని పెట్టారు. అంటే నన్ను!

మొన్న మంగళవారం ఆ పిల్ల వచ్చింది. క్లాసులో కిటికీ పక్కన చోటిచ్చారని, రోజూ వెళ్తున్నానని చెప్పుకోవడానికి వచ్చిందట. "మేడం ఏరి?" అంది.

"వినడం నేర్చుకోవడానికి వెళ్లారమ్మా. నాకు చెప్పు, నాకు సర్టిఫికెట్ ఉంది."

నన్ను పట్టి పట్టి చూసింది. "నాకు నాలుగు వేసింది మీరే కదా?"

తల ఊపాను. మూడో రకం. ప్రాక్టీసు లేదు కదా, మెడ పట్టేసింది.