తోపుడు యంత్రానికి ఇంజనెందుకు?

మానవ నాగరికత ఇప్పటికి మూడు మెట్లెక్కింది. మొదట మనిషి నిప్పు కనిపెట్టాడు. తర్వాత చక్రం కనిపెట్టాడు. ఆ తర్వాత, ఆ రెండింటికీ అనుమతి ఎవరిచ్చారని అడిగే ఆఫీసు కనిపెట్టాడు. మొదటి రెండూ ఎక్కడ జరిగాయో చరిత్రకారులు తేల్చుకోలేకపోతున్నారు. మూడోది మాత్రం టెక్కలిలో, బస్టాండు నుంచి నడిచి వెళ్లే దూరంలో, రెండో అంతస్తులో ఉంది.

దాని పేరు తీరప్రాంత హరిత యంత్ర పరివర్తన సంస్థ. పొగ కక్కే పాత ఇంజన్లు తీయించి, శుభ్రమైనవీ తక్కువ పెట్రోలు తాగేవీ పెట్టించడం దాని ధ్యేయం. ఏర్పడి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఒక్క ఇంజనూ మార్చలేదు కనుక, మార్చిన ఇంజను బాగాలేదన్న ఫిర్యాదు కూడా ఒక్కటీ రాలేదు. (ఈ ఘనతను గోడ మీద ఆకుపచ్చ అక్షరాలతో రాయించారు.) నేను ఆ మెట్ల కింద కుర్చీ వేసుకుని ఇరవై ఏళ్లుగా వచ్చినవాళ్లకి దరఖాస్తులు రాసిపెడుతున్నాను. ఆఫీసులు మారాయి, నా కుర్చీ మారలేదు.

సంస్థకి పలాస అవతల ఒక విశ్రాంతి గృహం ఉంది. దాని ముందు అర ఎకరం పచ్చిక. ఉద్యానం అన్న మాటే నలిగి మా ప్రాంతానికి ఉద్దానం అన్న పేరయిందంటారు. చుట్టూ కొబ్బరి, జీడి, పనస ఉన్నా, అసలు పచ్చదనం ఎలా ఉంటుందో జనానికి ఒక నమూనా చూపించాలి కదా. ఇక్కడి బోరు నీళ్లు ఆ గడ్డికి పడవని నిపుణులు రాసిచ్చారు కనుక దానికి ట్యాంకరులో ఏటి నీళ్లు తెచ్చి పోస్తారు. గడ్డిని కోసే ఉద్యోగి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి సైకిలు మీద వచ్చే ఢిల్లేశ్వరరావు, తనకి ఏ నీళ్లు పడతాయో ఎవరూ రాసివ్వలేదు కనుక చాలాకాలం బోరు నీళ్లే తాగాడు.

వరసకి నాకు అల్లుడవుతాడు. ఊళ్లో అంతా ఢిల్లీ అంటారు. ఒకసారి నేను ఆఫీసుకి ఫోను చేసి, "ఢిల్లీ ఒప్పుకున్నాడు" అంటే, అవతల అందరూ లేచి నిలబడిన చప్పుడు వినిపించింది.

ఇక గడ్డి కోసే యంత్రం సంగతి. నాలుగు చిన్న చక్రాలు, మీద ఇంజను, కింద తిరిగే బ్లేడు, వెనక పట్టుకుని తోయడానికి ఒక కమ్మీ. మనిషి బండిని తోస్తాడు, ఇంజను బ్లేడుని తిప్పుతుంది. ఈ ఒక్క వాక్యం అర్థం చేయించడానికి మేం పదకొండు వారాలు తంటాలు పడ్డాం కనుక, పాఠకులు దాన్ని ఇంకోసారి చదువుకోవలసిందిగా మనవి.

మొన్న వేసవి చివర్న ఆ ఇంజను పోయింది. టూ స్ట్రోకుది. బతికున్నన్నాళ్లూ అది వదిలిన పొగకి విశ్రాంతి గృహంలో దోమ నిలవలేదు, అతిథీ నిలవలేదు. అది పోయినందుకు ఎవరూ ఏడవకపోదురు గానీ, సంస్థ నియమావళిలో ఒక నియమం ఉంది: యంత్రం తొంభై రోజులు పనిచేయకపోతే, దాని ఆపరేటరు పోస్టు దానంతటదే రద్దవుతుంది. పావని, అంటే ఢిల్లీ భార్య, పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలుస్తుంది. ఆమె వేళ్లు జీడి రసానికి పొక్కిన రోజున ఇల్లు నడిచేది ఈ పోస్టు మీదే. కనుక తొంభై రోజుల్లోగా కొత్త ఇంజను రావాలి. ఇంతే కథ. ఇంజనుంటే ఢిల్లీ ఉంటాడు, లేకపోతే లేడు.

ముందు ఏ ఇంజను కావాలో తేల్చుకుందామని యంత్రాన్ని ఆటోలో వేసుకుని భావనపాడు వెళ్లాం. అక్కడ చిన్నారావు అని, బోటు ఇంజన్లు బాగుచేసే మనిషి. అతను దాన్ని బోర్లించి, అటూ ఇటూ చూసి, టీ చల్లారేలోగా తేల్చేశాడు. దీనికి షాఫ్టు నిలువుగా కిందకి దిగే ఇంజనే పడుతుంది. బోటువీ నీళ్లు తోడేవీ అడ్డం షాఫ్టువి, ఊరికే ఇచ్చినా తేవద్దు. ఫోర్ స్ట్రోకుది, వాల్వులు నెత్తి మీదుండేది తీసుకోండి. పెట్రోలులో ఆయిలు కలిపే పని ఉండదు, పొగ రాదు, పాతది గంటకి లీటరున్నర తాగితే ఇది లీటరుతో సరిపెట్టుకుంటుంది. ఈ మాటలన్నీ చెప్పి, షాఫ్టు లావూ పొడవూ, బోల్టు రంధ్రాల మధ్య దూరమూ కొలిచి ఒక సిగరెట్టు అట్ట మీద రాసిచ్చాడు. శుభ్రమైన, తక్కువ పెట్రోలు తాగే ఇంజను ఎంపిక అక్కడితో ముగిసింది. మిగిలిందల్లా సంస్థ దాన్ని ఎంపిక చేయడం.

సంస్థ యాప్ పేరు స్వచ్ఛయంత్ర. దాన్ని ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని తెలుగులోకి దించారు. అందులో లాన్ మూవర్ అన్న మాట లేదు. 'తోపుడు' అని కొట్టగానే 'తోపుడు బండి' అని అదే పూర్తిచేసుకుంది. బండి యజమాని ఏమి అమ్ముతాడని అడిగింది. ఏమీ అమ్మడు అని రాస్తే ఒప్పుకోలేదు. టిఫిన్లు, అరటిపళ్లు, చేపలు, ఆకుకూరలు అని నాలుగు చూపించి ఒకటి ఎంచుకోమంది. ఢిల్లీ చాలాసేపు ఆలోచించి, గడ్డికి దగ్గరగా ఉందని ఆకుకూరలు నొక్కాడు. ఆ క్షణం నుంచి ప్రభుత్వం దృష్టిలో అతను పలాసలో తోటకూర అమ్ముతున్నాడు.

ఇంజను పోయిన నలభయ్యో రోజున ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఉప సహాయ యంత్ర పరిశీలకులు భానుప్రకాష్ గారు స్వయంగా విచారణ జరిపారు. ఆయన చెడ్డవారు కాదు. ఎవర్నీ కసరరు, కుర్చీ చూపిస్తారు, ఫైలు మొత్తం చదువుతారు. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ చివరి గుణం వల్లే.

"దీన్ని తోసేది నువ్వా, ఇంజనా?" అని అడిగారు.

"తోసీది నానే సార్."

"మరి ఇంజనెందుకు?"

"కొయ్యడానికి సార్."

"కోసేది ఇంజనయితే, నువ్వెందుకు?"

ఢిల్లీ నోరు తెరిచాడు. నేను చటుక్కున అతని చెయ్యి నొక్కాను. ఆ ప్రశ్నకి ఏ జవాబు చెప్పినా ఇంజనో, ఢిల్లీయో, ఎవరో ఒకరు రద్దయ్యేలా ఉన్నారు. భానుప్రకాష్ గారు మా మౌనాన్ని 'దరఖాస్తుదారు స్పష్టత ఇవ్వలేదు' అని రాసుకుని, కొత్త ఇంజను లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అడిగారు.

గంటల లెక్క చెప్పబోయాం. ఫారంలో గంటలకి గడి లేదు. సరే అని వెనక్కి వెళ్లి, పచ్చిక మీద అడుగులు కొలిచి వచ్చి, అర ఎకరం కోయడానికి అటూ ఇటూ నాలుగు కిలోమీటర్లు నడవాలనీ, అందుకు గంట పడుతుందనీ, కనుక లీటరుకి నాలుగు కిలోమీటర్లనీ రాసిచ్చాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. హైవే మీద లోడు లారీ కూడా అంతే ఇస్తుందట. లారీ ఇచ్చే మైలేజీ ఇచ్చేదాన్ని తక్కువ పెట్రోలు తాగే ఇంజనని తాను ఏ మొహంతో సంతకం పెట్టాలన్నారు. అయితే ఆపరేటరు ఇంకాస్త వేగంగా నడిస్తే మైలేజీ పెరిగే అవకాశముందని కనిపెట్టి, ఆ మేరకు ఢిల్లీకి ఒక సూచన జారీ చేశారు. (ఇంజను పనితీరు మెరుగుపరచడానికి సంస్థ తీసుకున్న తొలి చర్య ఇదే. వార్షిక నివేదికలో చేరింది.)

ఈలోగా గడ్డి ఆగదు కదా. ఢిల్లీ కొడవలితో వంగి కోస్తున్నాడు. కానీ హాజరు పడాలంటే యంత్రంతో సహా ఫొటో తీసి పంపాలి, అదీ యంత్రం కదులుతున్నట్టుండాలి. అందుకని పొద్దున్నే ఇంజను పోయిన యంత్రాన్ని పచ్చిక మీద కొంతదూరం తోసి, ఫొటో దిగి, దాన్ని నీడలో పెట్టి, కొడవలి తీసేవాడు. నడుం పట్టేసిందని నాకు ఒక్కసారే చెప్పాడు. నాకు ఆ రోజు నిజంగా బాధ వేసింది. బాధ వేసి, ఒక అర్జీ రాశాను.

డెబ్బయ్యో రోజున ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: 'ఉద్గారముల విషయమై టెస్టు రిపోర్టును ఏడు దినములలో జతపరచవలెను.'

మా ప్రాంతం తెలియనివాళ్ల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉద్దానంలో టెస్టు రిపోర్టు అంటే ఒకటే, కిడ్నీల రక్తపరీక్ష. అందులో క్రియాటినిన్ అని ఒక అంకె ఉంటుంది, మేం కిరాటిన్ అంటాం. ఇతర ప్రాంతాల్లో తిన్నావా అని పలకరించుకున్నట్టు, మాకు బస్సులో పక్క సీటువాడు కూడా కిరాటినెంత అని అడుగుతాడు. నీళ్ల వల్లనని కొందరు, ఎండల వల్లనని కొందరు అంటారు. ఎందువల్లనో ఇంకా తేలలేదు. ఊళ్లో వరసగా మనుషులు పోతున్నారని మాత్రం తేలింది. ఢిల్లీ వాళ్ల నాన్న అలాగే పోయాడు. అప్పట్నుంచి పావని, బోరు నీళ్లు మాన్పించి, క్యాను నీళ్లు కొని ఢిల్లీ చేత తాగిస్తోంది. ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించి, ఆ రిపోర్టుని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాస్తుంది.

'ఉద్గారములు' అంటే ఇంజను వదిలే పొగేనని ఢిల్లీకి తెలియదు. తెలిసిన మాట రెండోది. కవరు తెచ్చి నా చేతికిచ్చాడు. నేనూ ఉద్దానం వాడినే. రిపోర్టు అనగానే నా కన్ను కూడా తిన్నగా అంకె మీదకే పోయింది. 1.1 ఉంది. మంచిదే అనుకుని, మనసు కుదుటపడి, పిన్ను కొట్టి పైకి పంపేశాను.

ఎనభై ఎనిమిదో రోజున ఉత్తర్వు వచ్చింది. మచ్చుకి కొంత రాస్తాను: 'దరఖాస్తుదారు సమర్పించిన అధీకృత ప్రయోగశాల రిపోర్టు ప్రకారం ఉద్గారములు 1.1గా నమోదైనవి. అదే పత్రంలో ముద్రించిన పరిమితి 0.6 నుండి 1.3 వరకు. కావున ప్రస్తుత ఇంజను సంపూర్ణ ఆరోగ్యముతో, పరిశుభ్రముగా ఉన్నట్లు నిర్ధారణ అయినది. ప్రత్యామ్నాయ ఇంజను అవసరం లేదు. యంత్రం పనిచేయుచున్నందున ఆపరేటరు పోస్టు కొనసాగును. ఇకపై పచ్చిక పెరిగినచో అది ఆపరేటరు నిర్లక్ష్యముగా పరిగణించి, అతన్ని తొలగించబడును.'

(ఆఖరి వాక్యంలో వ్యాకరణం నాది కాదు.)

ఇద్దరం పైకి పరిగెత్తాం. భానుప్రకాష్ గారు స్వచ్ఛతా సదస్సుకి వెళ్లారు. ఫైళ్లు చూసే తనూజ గారు ఉన్నారు. కోటబొమ్మాళి ఆవిడ, మా యాసే, మంచి మనిషి. పొరపాటు చెప్పాను. అది ఇంజను రిపోర్టు కాదమ్మా, ఈ మనిషి రక్తం అన్నాను. ఆవిడ ఫైలు విప్పి, రిపోర్టు చూసి, ఢిల్లీని చూసి, ఫైలు మూసింది. తర్వాత నెమ్మదిగా, యాప్‌లో అంకె ఎక్కాక తీసే వీల్లేదని చెప్పింది. కొత్త రిపోర్టు పెట్టాలన్నా ఆర్నెల్లు ఆగాలి, అదీ ఇప్పుడిచ్చిన ల్యాబునుంచే, ఇప్పుడిచ్చిన పేరు మీదే రావాలి. చిన్నారావు రాసిచ్చిన సిగరెట్టు అట్ట చూపించాను. ధూమపానానికి సంబంధించిన పత్రాలు సంస్థ స్వీకరించదట.

"ఆర్నెల్లు ఒంగి కోత్తే నా నడుం ఉండదు మేడం," అన్నాడు ఢిల్లీ. "గడ్డి పెరిగితే ఉజ్జోగం ఉండదు. నాను ఏటి సెయ్యాల?"

తనూజ గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"బాధపడకు తమ్ముడూ. ఆర్నెల్లు పోనీ. మళ్లీ టెస్టు సేయిత్తావు కదా. మన ఊళ్లల్లో కిరాటిను ఎవులికి పెరక్కుండా ఉందేటి? ఒకటి పాయింటు నాలుగు వొచ్చిందనుకో, పరిమితి దాటిపోద్ది, ఇంజను అదే సాంక్షనైపోద్ది. నాను దగ్గరుండి ఫైలు నడిపిత్తాను."

అంత ఆదరంగా మాట్లాడిన ఉద్యోగిని నా ఇరవై ఏళ్లలో చూడలేదు. దండం పెట్టి కిందకి దిగాం. పలాస బస్సు కోసం నిలబడ్డాం. ఢిల్లీ ఉత్తర్వుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. బస్సు కనిపించింది. అప్పుడు అడిగాడు.

"మావా, అయితే నాను క్యాను నీళ్లు మానీమంటావా?"

తొందరపడొద్దనీ, రేపు నియమావళి తీసి చూసి చెబుతాననీ అన్నాను.