కార్బురేటర్‌కి వేడి నీళ్లు

ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ ఇల్లాలు ఆ రోజు చేయబోయే పని చెప్పింది.

"ఈ పూట ట్రాక్టరు బాగుచేస్తాను. మధ్యాహ్నం వెనక దొడ్డి దున్నేస్తాను."

భర్త పేపర్లోంచి తల ఎత్తలేదు. "మధ్యాహ్నం తుక్కు లారీ వస్తోంది. రమ్మని చెప్పేశాను."

ఆ ట్రాక్టరు ఆమె తండ్రిది. పెట్రోలుతో నడిచే పాతకాలపు బండి. క్లచ్చికి కాళ్లు అందని వయసులోనే ఆమె దాన్ని నడపడం మొదలుపెట్టింది. కొన్నాళ్లుగా దాని కార్బురేటర్ కారుతోంది. మొదట్లో బొట్టు బొట్టుగా పడేది, ఇప్పుడు ధార కట్టింది. షెడ్డులోంచి వచ్చే పెట్రోలు వాసనకి భర్తకి కంటి మీద కునుకు లేదు. వంటింట్లో స్టవ్ వెలిగించినా ఉలిక్కిపడుతున్నాడు.

"లారీ వచ్చేలోపు కారడం ఆగితే?"

"ఆగితే నీ ఇష్టం, ఉంచుకో. అది ఆగేది కాదులే."

ఆమె కప్పు కింద పెట్టి షెడ్డులోకి వెళ్లింది. పెట్రోలు ట్యాపు కట్టేసి, కార్బురేటర్ అడుగున ఉండే చిన్న గిన్నె విప్పింది. ఆ గిన్నెలో ఫ్లోటు అనే ఇత్తడి బుడ్డి తేలుతూ ఉంటుంది. పెట్రోలు నిండగానే అది పైకి లేచి, ఒక సూదిని నొక్కి దారి మూసేస్తుంది. సూది కింద నలక ఇరుక్కుందేమోనని శుభ్రంగా తుడిచి బిగించింది. ట్యాపు తిప్పగానే మళ్లీ అదే ధార.

ఈసారి ఫ్లోటు ఊడదీసి చెవి దగ్గర ఊపింది. లోపల గలగలమంది. బోలుగా ఉండాల్సిన దాని కడుపులో పెట్రోలు చేరింది. తేలాల్సింది కాస్తా మునిగి కూర్చుంది. చిల్లు కంటికి కనబడలేదు కానీ, వేడి నీళ్లలో ముంచితే బుడగలు అవే చూపిస్తాయి. దొంగ దొరికిన సంబరంలో ఆమె గట్టిగా పిలిచింది.

"ఏమండీ, నీళ్లు, బాగా వేడిగా, త్వరగా తీసుకురండి."

హాల్లో ఉన్న భర్తకి నీళ్లు, వేడి, త్వరగా అన్న మూడు మాటలు వినబడ్డాయి. ఇన్నాళ్లూ అతను భయపడుతున్నదానికి ఆ మూడూ చాలు.

"అంటుకుంది" అని ఒక్క కేక పెట్టాడు.

పక్కింటి డ్రైవింగు మాస్టారు ఆ సమయానికి పైపుతో కారు కడుగుతున్నారు. ఆయన ఆలోచించలేదు, పైపు గోడ మీదుగా ఇటు తిప్పారు. ఎదురుగా ఉన్న పిండిమరలోంచి నలుగురు బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. భర్త ఇంట్లోకి పోయి సామాను కాపాడటం మొదలుపెట్టాడు. సోఫా, పరుపులు, కుర్చీలు, అన్నీ వాకిట్లోకి లాక్కొచ్చి, తిన్నగా పైపు ధార కింద పెట్టాడు.

షెడ్డు గుమ్మంలో ఇల్లాలు చేతులు చాచి నిలబడింది. వెనక విప్పిపెట్టిన కార్బురేటర్‌లో చుక్క నీరు పడకుండా ఒళ్లు అడ్డం పెట్టి, తల నుంచి కాళ్ల దాకా తడిసిపోయింది.

"మంట ఎక్కడండీ?" అంది.

"మీ దగ్గరే కదా వదినగారూ?" అన్నారు మాస్టారు పైపు దించకుండానే.

అప్పుడే వంటింట్లోంచి అత్తగారు పొగలు కక్కుతున్న గిన్నె గుడ్డతో పట్టుకుని, బురదలో అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, నువ్వడిగిన వేడి నీళ్లు. వీళ్లంతా చన్నీళ్లు పోస్తున్నారేంటి?"

మాస్టారు పైపు కట్టేశారు. "మొత్తానికి ఆరిపోయింది" అని కారు దగ్గరికి వెళ్లిపోయారు.

ఇల్లాలు మళ్లీ పనిలో పడింది. వేడి నీళ్లలో ముంచగానే ఫ్లోటు అతుకు దగ్గర సన్నటి బుడగల వరుస లేచింది. లోపలి పెట్రోలంతా ఆవిరై, ఊపినా చప్పుడు రాదని తేలాక, దూరంగా పెరటి గట్టు మీద కూర్చుని, కాల్చిన ఇనుముతో సీసం కరిగించి చిల్లుకి మాటు వేసింది. మళ్లీ ముంచితే ఒక్క బుడగ కూడా రాలేదు.

ఈలోగా తుక్కు లారీ వచ్చింది. భర్త లోపల బట్టలు మార్చుకుంటున్నాడు. వాకిట్లో తడిసి ముద్దయిన సామాను చూసి లారీ వాళ్లకి ఎవరినీ అడగాల్సిన పని కనబడలేదు. అతను బయటికి వచ్చేసరికి సోఫా లారీ ఎక్కి కూర్చుంది.

"అది కొత్త సోఫా బాబూ."

"ఈ వాలకం చూసి పారేస్తున్నారనుకున్నాం సార్."

దించండని అతను, వెనక్కి తీసి ఇంటి గుమ్మం దగ్గర దించుతామని డ్రైవరు. మాటల్లోనే లారీ వెనక్కి కదిలి, బురదలో దిగబడింది. డ్రైవరు ఇంజను గట్టిగా రేస్ చేసినకొద్దీ చక్రాలు ఇంకా లోపలికి పోయాయి. పిండిమర వాళ్లు మళ్లీ వచ్చి తోశారు. లారీ కదల్లేదు, వాళ్ల చొక్కాలు మాత్రం రంగు మారాయి.

షెడ్డులో ఇల్లాలు ఫ్లోటు బిగించి, కార్బురేటర్ కింద పొడి కాగితం పరిచి, ట్యాపు తిప్పి చూస్తూ కూర్చుంది. కాగితం మీద ఒక్క మచ్చ పడలేదు. ఆమె సీటు మీది టార్పాలిన్ లాగేసి, ఎక్కి స్టార్ట్ చేసింది. ఇంజను రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, వీధంతా వినబడేలా అందుకుంది.

గట్టి నేల మీదుగా ట్రాక్టరుని లారీ ముందుకి తిప్పుకొచ్చి, "గొలుసు తగిలించండి" అంది.

గొలుసు బిగిసింది. ట్రాక్టరు ఒక్క క్షణం ఆగి, భుజం పెట్టినట్టు ముందుకి ఒరిగింది. సోఫాతో సహా లారీ చప్పుడు చేస్తూ రోడ్డెక్కింది. గోడ మీంచి మాస్టారు చప్పట్లు కొట్టారు. అత్తగారు ఖాళీ గిన్నె పట్టుకుని, అంతా తన చేతి మీదుగానే జరిగినట్టు నవ్వుతోంది. ఇల్లాలు సీటు మీంచి భర్త వైపు చూసింది.

సామాను దించాక డ్రైవరు చేతులు తుడుచుకున్నాడు. "పాత ట్రాక్టరేదో తుక్కుకి ఇస్తామన్నారు, అదెక్కడుంది సార్?"

భర్త ట్రాక్టరు వైపు, తర్వాత భార్య వైపు చూశాడు.

"అలాంటిదేం లేదు బాబూ. అడ్రసు తప్పయి ఉంటుంది."

ఆమె మధ్యాహ్నమే దొడ్డి దున్నేసింది. సాయంత్రం భర్త కాఫీ కప్పుతో వెళ్లి ట్రాక్టరు సీటు మీద దర్జాగా కూర్చున్నాడు.

ఇంట్లో పొడిగా మిగిలిన కుర్చీ అదొక్కటే.