అతికిన చిరునామా

గురువారం పొద్దున గిరీశ్ వేసుకున్న పథకం చిన్నది. ఆఫీసు పనిగా ఒక సందేశం పంపాలి, స్నానం చేయాలి, ఆ తర్వాత సాయంత్రం దాకా రేపటి గురించి భయపడాలి. రేపు లక్కూరు నుంచి చిక్కవెంకటప్ప వాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారు. ఆయన కూతురు నేత్రావతిని గిరీశ్ పోయిన నెల చూసి వచ్చాడు. అలా చూసి వచ్చాక పిల్ల తరఫు పెద్దలు పిల్లవాడి ఇంటికి వచ్చి, కాఫీ తాగి, గోడలు తట్టి చూసి పోవడం ఆ వైపు ఆనవాయితీ. అది జరిగితే సంబంధం ఖాయమైనట్టే. జరగకపోతే ఏమవుతుందో గిరీశ్‌కు అనుభవం. ఇంతకు ముందు రెండుచోట్ల "వచ్చే వారం వస్తాము" అన్నారు. ఆ వారాలు ఇంకా రాలేదు.

కాఫీ చల్లారకముందే తండ్రి దొడ్డయ్య ఫోను మోగింది. ఆయనకు చెవి మందం, అందుకని స్పీకరు పెట్టాడు.

"దొడ్డయ్యన్నా, బేజారు చేసుకోవద్దు," అన్నాడు చిక్కవెంకటప్ప. "మా ఆవు మేత ముట్టడం లేదు. నీళ్లు కూడా వద్దంటుండాది. దాన్నిట్లా ఇడిచిపెట్టి ఎట్లొచ్చేది? రేపటికి బాగైతే వస్తాము. లేకుంటే వచ్చే వారం..."

ఫోను పెట్టేయగానే తల్లి భాగీరథి వంటింట్లోంచి వచ్చింది. "ఆవంట! పోయినసారి వాళ్ల మేనత్తకి జరమొచ్చె. ఇప్పుడు వీళ్ల ఆవుకి వచ్చె. మావాణ్ని వద్దనేదానికి ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రాణాన్ని పడకేయిస్తారు."

"నిజంగానే బాగలేదేమోలేవే," అన్నాడు దొడ్డయ్య.

"నిజమైతే ఆవు పేరు చెప్పేవాడు. ఇంట్లో సాకిన ఆవుని ఎవరన్నా ఉత్త ఆవు అంటారా?"

గిరీశ్‌కు నేత్రావతి గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె అతన్ని ఒక్కటే అడిగింది: "పొద్దంతా మీరు చేసే పనేమి?" ఎన్నో జవాబులు సిద్ధం చేసుకుని వెళ్లిన గిరీశ్, తీరా నోరు తెరిచి, "ఒకచోట ఉండేదాన్ని తీసి ఇంకొకచోట పెడతాను," అన్నాడు. ఆమె నవ్వింది. అది ఎగతాళో, జాలో, ఊరికే వచ్చిన నవ్వో తేల్చుకోలేక అతను నెలంతా ఆ నవ్వును తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు.

"నువ్వు అడ్రస్ పంపించురా," అంది భాగీరథి. "మనమేమీ విననట్లే ఉండాల. వస్తారనే రాయి."

గిరీశ్ కంప్యూటర్లో రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. చివరికి ఇలా తేలింది: 'కోరమండల్, నీళ్ల ట్యాంకు వెనక సందు, దొడ్డయ్య ఇల్లు. పొద్దున పదికి. టిఫిన్ మా ఇంట్లోనే.' దాన్ని కాపీ చేసి చిక్కవెంకటప్పకు పంపాడు. తర్వాత ఆఫీసు పనికి కూర్చున్నాడు.

అతని ఆఫీసు బెంగళూరులో ఉంది. అతను పాత బంగారు గనుల పేట కోరమండల్‌లో ఇంట్లోనే కూర్చుని పని చేస్తాడు. ఒక ప్రైవేటు డెయిరీకి పాలు పోసే రైతులందరి ఫోన్లకూ సందేశాలు పంపడం అతని బాధ్యత. అందుకు వాడేది ఆఫీసులోని ఒక పాత సర్వరు. దానికి బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్ల తెర మీద ఆజ్ఞ టైపు చేయాలి, ఎంటర్ కొట్టాలి, అది చేస్తుంది. మర్యాదకైనా 'నిజంగానా?' అని అడగదు.

గిరీశ్ పంపే ఆజ్ఞ రాసి, దాని పక్కనే టైపు చేశాడు: 'రేపు ఉచిత పశువైద్య శిబిరం. మీ ఆవులను తోలుకుని తప్పక రండి. చోటు:' అక్కడ ఆగాడు. చోటు గుర్తులేదు. సగం రాసిన వాక్యాన్ని కంట్రోల్ యూ నొక్కి కత్తిరించాడు. అలా కత్తిరించినది ఆ నల్ల తెర తన సొంత జేబులో దాచుకుంటుంది. తర్వాత శిబిరం వివరాలు అడిగితే 'బంగారుపేట, డెయిరీ ఆవరణ' అని చూపించింది. గిరీశ్ దాని మీద మౌస్ లాగి, కంట్రోల్ సి నొక్కాడు.

లోకంలో మరెక్కడైనా అది కాపీ. ఆ తెర మీద మాత్రం దాని అర్థం 'చేస్తున్న పని ఆపు' అని. అప్పుడు అది ఏ పనీ చేయడం లేదు కనుక ఏదీ ఆపలేదు, ఏదీ కాపీ చేయలేదు, మౌనంగా ఉంది. ఈ సంగతి గిరీశ్‌కు తెలియనిది కాదు. కానీ తెలిసిన విషయం వేళ్ల దాకా రావాలంటే దారి ఖాళీగా ఉండాలి. ఆ పొద్దున ఆ దారికి అడ్డంగా ఒక ఆవు పడుకుని ఉంది.

కంట్రోల్ వై నొక్కితే సగం వాక్యం తిరిగి వచ్చింది. దాని చివర మౌస్ కుడి బటన్ నొక్కి పేస్ట్ చేశాడు. కాపీలు దాచే కంప్యూటర్ జేబు వేరు; అందులో ఉన్నది బంగారుపేట కాదు, ఇంతకు ముందు పెట్టుకున్న ఇంటి చిరునామా. దాని వెనకే, రాసేటప్పుడు అలవాటుగా కొట్టిన ఎంటర్ కూడా వచ్చింది. గిరీశ్ చదివేలోపే ఆజ్ఞ నడిచిపోయింది. తెర మీద ఫోను నంబర్లు వరదలా పారడం మొదలుపెట్టాయి.

తాను ఎంటర్ కొట్టనేలేదు కదా అన్న కంగారులో, వేళ్లకు వచ్చిన మొదటి అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కాడు. తెర గడ్డకట్టింది. ఏ మీట నొక్కినా పలకలేదు. అతను బెంగళూరు ఆఫీసులో సర్వరు చూసుకునే సునీల్‌కుమార్‌కు ఫోను చేశాడు.

"కంట్రోల్ ఎస్ కొట్టినావా?" అన్నాడు సునీల్‌కుమార్. "అది సేవ్ కాదప్పా ఆడ. చూపించేది నిలిపేస్తాది, అంతే. పని లోపల జరుగుతానే ఉంటాది. కంట్రోల్ క్యూ కొట్టు."

కొట్టాడు. ఆగిన నంబర్లన్నీ ఒక్కసారిగా మీదపడి, చివర 'అందరికీ చేరింది' అని నిలిచాయి.

"చేరినాది కదా? ఇంగేం, పోయి పెళ్లి పని చూసుకో."

పైకి జరిపి, ఏం చేరిందో చదవాలని గిరీశ్‌కు ఒక్క క్షణం అనిపించింది. చదవలేదు. చదివితే తప్పు కనబడవచ్చు. కనబడని తప్పుతో మనిషి స్నానం చేయగలడు, అన్నం తినగలడు.

మర్నాడు పొద్దున భాగీరథి నలుగురికి సరిపడా రవ్వ ఉప్పిట్టు, తీపికి కేసరిబాత్ చేసి, వాకిట్లో పళ్లెంలో తమలపాకులూ అరటిపళ్లూ పెట్టింది. వస్తారో రారో తెలియని చుట్టాలకు చేసిన వంటకు ఉప్పు కుదరదని ఆమె నమ్మకం. రెండుసార్లు రుచి చూసుకుంది. తలుపు ముందు అలికిడి అయింది. చూస్తే ఒక ముసలమ్మ, ఒక ఆవు.

"డాక్టరు వచ్చినాడామ్మా?"

"యా డాక్టరు?"

"పోనీలే. ముందు టిఫిన్ కానీ," అని ముసలమ్మ ఆవును కిటికీ ఊచకు కట్టి, గడప మీద కూర్చుంది.

భాగీరథి తేరుకునేలోపు సందు మొదట్లో మరో ఆవు కనిపించింది, దాని వెనక దూడ, దాని వెనక మూడు జెర్సీ ఆవులు. గనుల కాలంలో కూలీల కోసం కట్టిన ఆ ఇరుకు సందు, ఎదురెదురుగా రెండు సైకిళ్లు పోవడానికే మొహమాటపడేది. ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివర దాకా కొమ్ములే. దూడ తమలపాకులతో మొదలుపెట్టి అరటిపళ్ల దాకా వెళ్లింది.

"ఎవరు పిలిచినారప్పా మిమ్మల్ని?" అని దొడ్డయ్య అరిచాడు.

"నువ్వే కదా దొడ్డయ్య? నీ పేరే ఉండాది చూడు," అని ఒక రైతు ఫోను చూపించాడు. తండ్రి భుజం మీదుగా గిరీశ్ దాన్ని చదివాడు. ఎంతో ఆలోచించి రాసుకున్న తన వాక్యం, వేరేవాళ్ల ఫోనులో, ఆవుల వెనక అతుక్కుని ఉంది.

అప్పుడే సునీల్‌కుమార్ ఫోను. "గిరీశ్, బంగారుపేటలో డాక్టరు ఒక్కడే కూర్చోనుండాడంట. ఒక మేకపిల్ల కూడా రాలేదంట."

"ఆవులన్నీ మా ఇంటికాడ ఉండాయి."

"మీ ఇంటికాడ ఎందుకు?"

"టిఫిన్‌కి పిలిచినాను."

"వ్యాను అక్కడికే పంపిస్తాను," అని పెట్టేశాడు.

"దేవుడా, ఈ రోజొక్కటి వాళ్లు రాకుండా చూడు," అంది భాగీరథి, నిన్న తిట్టిన నోటితోనే. గిరీశ్‌కు కూడా మొదటిసారిగా 'వచ్చే వారం' అనే మాట తియ్యగా తోచింది.

డాక్టరు వ్యాను వచ్చింది. దాని వెనకే ఒక టెంపో వచ్చి ఆగింది. అందులోంచి చిక్కవెంకటప్ప దిగాడు. వెనక తలుపు తీస్తే ఒక ఆవు, దాని పలుపు పట్టుకుని నేత్రావతి. ఇల్లు చూడటానికి పిల్ల రావడం ఎక్కడా లేదు.

"పాప లేకుంటే ఇది టెంపో ఎక్కదు," అని చిక్కవెంకటప్ప సంజాయిషీ ఇచ్చుకుంటూ, ఆవుల మధ్య నుంచి నడిచి వచ్చి దొడ్డయ్య చేతులు పట్టుకున్నాడు. "అన్నా, ఆవుకి బాగలేదంటే సాకు చెప్తుండానని అనుకుంటారనుకున్నా. మేమూ పాలు పోసేది ఈ డెయిరీకే కదా, రాత్రి ఫోన్లో ఆ మెసేజ్ చూసి నాకు నోట మాట రాలేదు. మా ఒక్క ఆవు కోసం డాక్టర్నే ఇంటికి పిలిపిస్తిరి. మాకు మొహమాటంగా ఉంటాదని ఊరందరికీ చెప్తిరి!"

దొడ్డయ్య నోరు తెరిచాడు. భాగీరథి ఆయన కన్నా ముందుంది. "మనవాళ్లనుకున్నాక ఆమాత్రం చేయకుంటే ఎట్లన్నా? రాత్రంతా మాకు దాని ఆలోచనే. ఇంతకీ దాని పేరేమి?"

"గౌరి."

భాగీరథి భర్త వైపు చూడలేదు.

ముందు గౌరినే చూశారు. నేత్రావతి మూతి పట్టుకుంది. డాక్టరు దగ్గర ఉన్నవాడి చేతిలో టార్చి పెట్టాడు. ఆ ఉన్నవాడు గిరీశ్. ఆవు తల అటూ ఇటూ తిప్పితే, వెలుగు పట్టుకుని అతనూ అటూ ఇటూ జరిగాడు. "కదలొద్దండి," అంది నేత్రావతి, ఆవుతోనో అతనితోనో తెలియదు. ఇద్దరూ కదల్లేదు. నాలుక కింద లోతుగా గుచ్చుకున్న ముల్లు బయటికి వచ్చింది. డాక్టరు మందు రాశాడు. గౌరి కాసేపు ఆలోచించి, తల తిప్పి, గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణాన్ని లాగి నమలడం మొదలుపెట్టింది. చిక్కవెంకటప్ప గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాడు. గోడలు తట్టి చూడటం ఆయనకు గుర్తే రాలేదు.

మిగతా ఆవులను డాక్టరు ఒక్కొక్కటిగా చూస్తున్నాడు. ఇంట్లో కేసరిబాత్ అయిపోయి, పక్కింటి రవ్వతో రెండో విడత ఉప్పిట్టు ఉడుకుతోంది. గిరీశ్, నేత్రావతి ఆవుకు చెరోవైపు మిగిలారు. చెప్పకపోతే అంతా బాగానే ఉంటుంది. కానీ నిన్న చదవకుండా వదిలేసిన తెర అతనికి గుర్తొచ్చింది.

"డాక్టర్ని మీ కోసం నేను పిలిపించలేదు," అన్నాడు. "తప్పు జరిగినాది." రెండు జేబుల సంగతీ, కాపీ కాని కాపీ సంగతీ, దానంతట అదే కొట్టుకున్న ఎంటర్ సంగతీ అంతా చెప్పాడు.

ఆమె శ్రద్ధగా విన్నది. "అంటే, మీరు బంగారుపేట తీసినాననుకున్నారు. చేతిలో మీ ఇల్లే ఉండింది."

"అవును."

ఆ మాట ఆమె అనుకున్న దానికన్నా లోతుగా తగిలింది. పెళ్లిచూపులకు వెళ్లిన ప్రతి ఇంటికీ కొత్త మాట తీసుకెళ్తున్నాననే అతను అనుకునేవాడు. నోరు తెరిస్తే వచ్చింది ప్రతిసారీ అంతకు ముందు చూసిన ఇంటి భయమే. ఈ రోజు మాత్రం ఎక్కడి నుంచీ తేకుండా మాట్లాడాడు.

"మీ నాయనకి కూడా చెప్పేస్తాను," అన్నాడు.

"ఇప్పుడొద్దు. టిఫిన్ తింటుండాడు, సంతోషంగా ఉండాడు."

"మళ్లీ ఎప్పుడు చెప్పేది?"

"వచ్చే వారం," అని నేత్రావతి నవ్వింది. ఈసారి ఆ నవ్వును తిప్పి చూడాల్సిన పని అతనికి పడలేదు.

సోమవారం డెయిరీ వాళ్లు వచ్చే నెల శిబిరం వివరాలు పంపారు, చోటు దగ్గర దొడ్డయ్య ఇల్లు ముందే పేస్ట్ చేసి ఉంది.