సూరయ్య కాపలా కాసిన కంప్యూటరు

ఆ రోజు సాయిదుర్గాప్రసాద్ వేసుకున్న పథకంలో తప్పేమీ లేదు. ఉదయం ఎనిమిదింటికి పెళ్ళి వీడియో ముక్కలన్నీ కంప్యూటరుకు అప్పగిస్తే, రెండున్నరకల్లా అది వాటిని కలిపి ఒక్క సినిమాగా చేసి ఇస్తుంది. మూడింటికి మురళీమోహన్ కారు కొత్తపేటలో ప్రసాద్ ఇంటి ముందు ఆగుతుంది. మురళీమోహన్‌కు పెళ్ళై నలభై రోజులైంది. ఆ సాయంత్రమే మస్కట్ ప్రయాణం. పెళ్ళాం ఎలాగూ వెంట రావడం లేదు, కనీసం పెళ్ళి వీడియో అయినా వెంట రావాలని అతని పట్టుదల.

ప్రసాద్‌కు అంతకంటే పెద్ద చిక్కు ఉంది. అతని మామగారు సూరయ్యకు మామిడికుదురు దగ్గర నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. అల్లుడు మేడ మీద కూర్చుని పరాయివాళ్ళ పెళ్ళిళ్ళు చూసుకుంటూ బతకడం ఆయనకు గిట్టదు. ముందటి రెండు పెళ్ళిళ్ళూ ప్రసాద్ చెప్పిన రోజుకు ఇవ్వలేదు. ఈ మూడోదీ తప్పితే కంప్యూటరు కట్టిపెట్టి, మర్నాటి నుంచి చెరువు గట్టు మీద కాపలా ఉండాలని సూరయ్య తీర్పు చెప్పాడు. ప్రసాద్ ఒప్పుకున్నాడు. భార్య దివ్య ఎదురుగా నిలబడి చూస్తుంటే ఒప్పుకోక ఏం చేస్తాడు?

తీర్పు అమలు చూసుకోవడానికి సూరయ్య తొమ్మిదింటికే దిగాడు. వస్తూ దారిలో, ప్రతి వారం ఇచ్చినట్టే, చెరువు నీళ్ళ సీసా ఒకటి పరీక్షకు ఇచ్చి వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసంతో భుజం మీది తువ్వాలు తీసి చేతికందిన చోట పడేసి కుర్చీలో కూలబడ్డాడు. ప్రసాద్ అప్పుడు మంచం కింద హెల్మెట్ వెతుక్కుంటున్నాడు.

"ఇదేనా ఆ యంత్రం? దీన్లో నీళ్ళేంటి?"

"చల్లదనానికండి మావయ్యగారూ. కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువలో నడుపుతున్నానండి. ఓవర్‌క్లాక్ అంటారు. దాంతో వేడెక్కిపోద్ది. ఈ నీళ్ళు గొట్టాల్లో తిరిగి, ఆ వేడి లాక్కుని, పైనున్న రేడియేటర్లో చల్లారతాయండి."

"కంపెనీవోడికి తెలీదా ఎంతలో నడపాలో?"

"తెలుసండి. వాడి వేగంలో అయితే రాత్రి ఎనిమిదవుద్దండి."

"మోటారు సైకిలూ ఇలాగే నడిపేవు. కాలవలోంచి తీసింది నేనే."

ప్రసాద్ ఆ మాట వినలేదన్నట్టు తెర మీద ఒక అంకె చూపించాడు. డెబ్బై రెండు.

"అది డిగ్రీలండి. ఎనభై దాకా ఫరవాలేదు. వంద తగిలితే అదే ఆగిపోద్ది. ఆగితే మళ్ళీ మొదట్నించేనండి. నేను అమలాపురం వెళ్ళి, పెన్‌డ్రైవ్ పెట్టడానికి పెళ్ళి జంట ఫొటో వేసిన పెట్టె తెచ్చుకోవాలి. మీరు దేన్నీ ముట్టుకోకండి. తొంభై దాటితే ఒక్క ఫోన్ కొట్టండి చాలు."

అలా, ఆ యంత్రం ఆగిపోతే లాభపడే ఒకే ఒక మనిషిని దానికి కాపలా పెట్టి ప్రసాద్ వెళ్ళిపోయాడు.

కానీ సూరయ్య ముప్పై ఏళ్ళుగా చెరువు కాస్తున్నవాడు. నీళ్ళు ఎవరివైనా, కళ్ళ ముందు పాడవుతుంటే కూర్చోలేడు. పదింటికి అంకె ఎనభై నాలుగైంది. పదిన్నరకు తొంభై రెండు. అల్లుడికి ఫోన్ చేశాడు. ప్రసాద్ బండి మీద ఉన్నాడు, ఫోన్ డిక్కీలో ఉంది. సచివాలయంలో ఉద్యోగం చేస్తున్న కూతురికి చేశాడు.

"మీటింగులో ఉన్నా నాన్నా. ఆయన వచ్చి చూసుకుంటారులే."

"వచ్చేదాకా ఆగదు. పోద్ది."

"పోతే పోనీ. నువ్వు కోరుకున్నదదే కదా?"

దివ్య ఫోన్ పెట్టేసింది. సూరయ్య లేచి, కంప్యూటరు నీళ్ళుండే గాజు తొట్టెలోకి వంగి చూశాడు. నీళ్ళు నీలంగా ఉన్నాయి. అడుగు స్పష్టంగా కనిపిస్తోంది. అడుగు కనిపించే నీళ్ళను ఆయన జన్మలో నమ్మలేదు. పైగా ఒక్క బుడగ లేదు.

"గాలి అందట్లేదు," అని తేల్చేశాడు.

చెరువు దగ్గర ఆయన మనిషి వీరన్న ఉంటాడు. అతనికి ఫోన్ చేశాడు. సూరయ్య భార్య పోయి ఆరేళ్ళు. అప్పటి నుంచి ఆయన ఏ మాటకూ ముందూ వెనకా చెప్పడం మానేశాడు.

"వీరన్నా, వేడి తొంభై రెండు. నీళ్ళకి గాలి అందట్లేదు. ఐస్ తెప్పించు."

"ఐసాండి?" వీరన్న గొంతు తగ్గిపోయింది. "అంతదాకా వచ్చిందాండి?"

"వచ్చింది. మజ్జాన్నం దాకా ఆగితే దక్కదు."

"పొద్దుట బానే ఉన్నాయి కదండీ మరి!"

"నీకేం తెలుసు? నేను చూసేను కాబట్టి చెబుతున్నా. ఇక్కణ్ణించి కదల్లేను. నువ్వే చూసుకో."

"ఆయ్. అలాగేనండి."

వీరన్నను తప్పు పట్టడానికి లేదు. పొద్దున సీసాలో నీళ్ళు పరీక్షకు వెళ్ళాయి. యజమాని నోట ఐస్ మాట వచ్చింది. రొయ్యల చెరువు దగ్గరికి ఐస్ ఒక్క పనికే వస్తుంది, పట్టుబడికి, అంటే రొయ్యలన్నీ వలేసి పట్టి అమ్మకానికి పంపడానికి.

పదకొండున్నరకు సూరయ్య మళ్ళీ చేశాడు. అంకె తొంభై ఐదు.

"ఐస్ వచ్చిందా?"

"బండి వచ్చేసిందండి. మనుషులు కూడా వచ్చేరు, పన్నెండు మంది."

"అంతమంది ఎందుకురా?"

"తొందరన్నారు కదండీ."

సూరయ్య మేడ మెట్ల వంక చూశాడు. ఇరుకు మెట్లు. ఐస్ దిమ్మలు పైకి మొయ్యాలంటే పన్నెండు మంది ఉండాల్సిందే అనిపించింది.

"సరే, కానియ్యి."

మామిడికుదురులో చెరువులోకి వల దిగింది. అది చూసి పక్క చెరువు రాజేంద్రకు గుండె జారిపోయింది. సూరయ్య ఇంకా ఎదగని డెబ్బై రోజుల రొయ్యపిల్లను పట్టేస్తున్నాడంటే జబ్బు వచ్చిందనే అర్థం. రెండు చెరువులకూ నీళ్ళు ఒకే కాలవ నుంచి. అతనూ ఐస్ బండికి కబురు పెట్టాడు. అతన్ని చూసి అవతలి గట్టు వాళ్ళు పెట్టారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగితే తమ చెరువు సంగతి బయటపడుతుందని భయం.

ఇక్కడ సూరయ్య ఒక పెళ్ళి ఆల్బం అట్ట ఊడదీసి, దాంతో గాజు తొట్టెకు విసురుతున్నాడు. చెమటలు కారిపోతున్నాయి. తువ్వాలు ఎక్కడ పెట్టాడో గుర్తు రాక చొక్కాతోనే ముఖం తుడుచుకున్నాడు. తొంభై ఏడు. తొంభై ఎనిమిది. అల్లుడు ఓడిపోవాలని వచ్చినవాడు, వెంకన్న స్వామికి మొక్కుకున్నాడు కూడా.

పన్నెండున్నరకు ప్రసాద్ గదిలోకి అడుగుపెట్టాడు. అంకె చూశాడు. మామగారిని చూశాడు. తర్వాత కంప్యూటరు పెట్టె నెత్తి మీద, సరిగ్గా రేడియేటర్ ఫ్యాన్ల మీద, పరుచుకుని ఉన్న తడి తువ్వాలు చూసి, రెండు వేళ్ళతో పైకెత్తాడు.

"ఇదెవరిదండి?"

సూరయ్య తన ఖాళీ భుజం తడుముకున్నాడు.

"నాదే."

తొంభై. ఎనభై మూడు. డెబ్బై ఆరు. వీడియో ఆగలేదు, నడుస్తూనే ఉంది. ప్రసాద్ నేల మీద కూర్చుండిపోయాడు.

"గాలి అందట్లేదని నేనప్పుడే అన్నాను," అన్నాడు సూరయ్య.

"ఎవరితో అన్నారండి?"

"వీరన్నతో. ఐస్ పట్టుకుని వస్తా ఉంటాడు. ఉండు, వద్దంటాను." ఫోన్ తీశాడు. "వీరన్నా, ఇంక ఐస్ అక్కర్లేదు. వెనక్కి పంపెయ్."

"ఇప్పుడెలా పంపుతామండి? రొయ్యలన్నీ అందులోనే ఉన్నాయి."

"ఏ రొయ్యలు?"

"మనయ్యేనండి. తమరు కానిమ్మన్నారు కదండీ, ఆయ్."

సూరయ్య ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. అది వెంటనే మోగింది. నీళ్ళు పరీక్ష చేసే కుర్రాడు. "బ్రహ్మాండంగా ఉన్నాయండి నీళ్ళు. ఇంకో నలభై రోజులు కదపకండి." ఆ తర్వాత రాజేంద్ర చేశాడు. అతని చెరువు నీళ్ళ రిపోర్టు కూడా బాగానే వచ్చిందట. వల ఎత్తేసిన తర్వాత వచ్చింది. అతను అన్న మాటలు రాయదగ్గవి కావు.

మూడింటికి మురళీమోహన్ వచ్చి, పూర్తయిన వీడియో పెన్‌డ్రైవ్ పెట్టె తీసుకుని, ప్రసాద్ చెయ్యి పట్టుకుని ఊపి, కారెక్కాడు. సాయంత్రం దివ్య ఇంటికి వచ్చి అంతా విని, తండ్రికి కాఫీ ఇచ్చి, తువ్వాలు ఉతికి దండెం మీద ఆరేసింది.

సూరయ్య అల్లుణ్ణి చెరువు కాపలాకు మళ్ళీ రమ్మనలేదు. కాపలా కాయడానికి అందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు.