పులికి తుపాకుల కాపలా

"పులి మన జాతి సంపద. ఇన్నాళ్లకు అది మన నల్లమల అంచుకు తిరిగి వచ్చిందంటే, ఈ తాలూకాలో శాంతిభద్రతల మీద దానికి నమ్మకం కుదిరిందని అర్థం."

ఎనభైనాలుగులో, శెనక్కాయ పీకే రోజుల్లో, ఆళ్లగడ్డ బస్టాండు పక్కన షామియానా వేయించి సమితి ప్రెసిడెంటు సుబ్బోబులేసు చేసిన ప్రకటన ఇది. జనం చప్పట్లు కొట్టాక ఆయన గొంతు తగ్గించాడు.

"అట్లాంటి పులికి నా ఊర్లో ఏమన్నా అయితే ఆ మచ్చ నాకు. అందుకే పులిని కాపాడేదానికి మా మనుషులకు పది తుపాకులు ఇయ్యాలని ప్రభుత్వాన్ని కోరుతాండా."

వెనక వరసలో కూర్చున్న రాజరత్నం మాస్టారికి ఈ ఆలోచన లోతు వెంటనే అందలేదు. ఆయన అడవి అంచు పాలెంలో మిషన్ బడి హెడ్‌మాస్టరు. కర్నూలులో బి.ఏ. చదివాడు. భార్య ఎస్తేరు పోయిన తర్వాత ఆయనకు చిన్న చిన్న వాటికి దేవుణ్ని స్తుతించే అలవాటు పడింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా స్తుతించేవాడు. ఆ రోజు షామియానా నీడ తన కుర్చీ దాకా వచ్చినందుకు స్తుతించాడు.

సభ అయ్యాక ప్రెసిడెంటు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"సారూ, అర్జీ నువ్వే రాయాల. ఇంగ్లీషులో రాయి. పులంటే ఢిల్లీ దాకా పోయే విషయం."

రాజరత్నం రాసిచ్చాడు. తుపాకులు వచ్చాయి.

తుపాకులు వచ్చిన రోజు ఆయన పాలెం చేరేసరికి, పక్కింటి సలోమి అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తోంది. మొగుడు లేని మనిషి. ఎకరా శెనక్కాయ, ఒక పాడిబర్రె, ఒక దూడ ఆమె ఆస్తి. ఆ దూడను అంతకు ముందు వారమే చిరుతపులి ఎత్తుకుపోయింది.

"నాకూ ఒక అర్జీ రాయి సారూ."

"తుపాకికా?"

"నాకెందుకు తుపాకి? ఆ పులి వచ్చినాంక అడివిపందులు ఇటుపక్క తొంగిచూడలేదు. నా శెనక్కాయ చేతికొచ్చింది. దూడ పాయె, పంట మిగిలె, పోనీలే అనుకుంటి. కానీ మళ్లా బర్రె కోసం తిరుగుతాండాది. బర్రె పోతే నేనేం తిని బతకల్ల? బోను పెట్టి పట్టుకోని, లోపలడివిలో వదిలిపెట్టమని రాయి. దాన్ని సంపొద్దని గూడా రాయి."

అర్జీ తీసుకుని ఇద్దరూ ఫారెస్టు రేంజరు దగ్గరికి వెళ్లారు. ఆఫీసు వెనక చెట్టు కింద ఇనుప బోను ఉంది. అందులో వాచరు కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

"చూడమ్మా, పులి ప్రెసిడెంటు గారి ఊరికే మంజూరైంది. మీ పాలెంలో ఉన్నట్టు ఎవరూ సిఫారసు చేయలేదు," అన్నాడు రేంజరు మర్యాదగా.

రేంజరు తనను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడినందుకు రాజరత్నం దారిలో దేవుణ్ని స్తుతించాడు. ఆ రోజు నుంచి సలోమి బర్రెను రాత్రిళ్లు బడి గదిలో కట్టుకోమన్నాడు. మొదటి పీరియడు పేడ ఎత్తడంతో మొదలయ్యేది. హాజరు పెరిగింది.

ప్రెసిడెంటుకు తాతల నాటి నుంచి పగవాడు కంబగిరి. ఆయన ఊరు వాగు అవతల. తుపాకుల సంగతి తెలిసి, జీపులో నేరుగా బడికి వచ్చాడు.

"వాని ఊర్లో ఒక పులంట గదా. మా ఊర్లో రెండుండాయి సారూ. ఒకటి చూలుది. రాయి."

"తమరు చూసినారా?"

"చూసేదేముండాది? వానికి తుపాకులొచ్చినాయి గదా."

అర్జీ నంద్యాల చేరింది. ప్రభుత్వానికి రెండు పార్టీల పులులూ సమానమేనని అక్కడి పెద్ద ఆఫీసరు తేల్చి, కంబగిరికీ పది తుపాకులు ఇచ్చాడు. బోను మాట ఎత్తితే మాత్రం నాయకులిద్దరూ జన్మలో మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు.

"పులిని పట్టుకోని పోతే మేం ఎవురిని కాపాడల్ల?"

పులి రక్షణ ముమ్మరంగా సాగింది. జీపులు చాగలమర్రి రోడ్డు మీద పగలంతా తిరిగాయి. పులులు అడవిలో ఉంటాయని ఎవరో గుర్తుచేస్తే, ముందు రోడ్డు భద్రంగా ఉండాలని ప్రెసిడెంటు అన్నాడు.

ఒక సంత రోజు కంబగిరి మనిషి ఒకడు రోడ్డు పక్క జొన్నచేలో చచ్చిపడి ఉన్నాడు. వారం తిరక్కుండానే ప్రెసిడెంటు మనిషి ఒకడు వాగులో దొరికాడు. అటొకటి ఇటొకటి సరిపోయింది గనుక పెద్దలు నంద్యాల గెస్టుహౌసులో కూర్చుని, కాఫీ తాగి, రాజీకి వచ్చారు. ఇద్దరినీ చంపింది పులే.

రెండో శవపంచనామాకు, చేతిరాత బాగుంటుందని రాజరత్నాన్ని పిలిపించారు. శవం మీద ఎవరో కొత్త తువ్వాలు కప్పారు. బతికుండగా ఆ మనిషి మీద ఎవరైనా అంత దయ చూశారో లేదో తెలియదు గానీ తువ్వాలు మాత్రం తెల్లగా, మెత్తగా ఉంది. తువ్వాలు తీసి చూసి, పులి దాడి అని చెప్పింది చెప్పినట్టు రాశాడు. గాయాల దగ్గరికి వచ్చేసరికి మనసు ఒప్పుకోలేదు. "ఛాతీ మీద మూడు, గుండ్రంగా ఉన్నవి" అని రాశాడు.

ఎస్సై కళ్లజోడు సర్దుకుని చదివాడు. "గుండ్రంగానా?"

పక్కనున్న రేంజరు క్షణం ఆలోచించి, "ఉండనీండి. ఈ తాలూకా పులికి పండ్లు అట్లే ఉంటాయి," అన్నాడు.

తాను రాసిన నిజాన్ని కొట్టివేయనందుకు రాజరత్నం ఇంటి దాకా దేవుణ్ని స్తుతించుకుంటూ నడిచాడు.

మరుసటి ఆదివారం ఆరాధన కోసం బడి గది కడిగి పెట్టారు. బర్రె ఆ రాత్రి బయటే ఉంది. చిరుత వచ్చి దాని మెడ పట్టుకుంది. సలోమి ఇత్తడి తట్ట మోగిస్తూ, తిడుతూ మీదికి పోతే అది వదిలేసి వెళ్లిపోయింది. బర్రె బతికింది. పసుపు అద్దిన మెడతో దాన్ని రేంజరు ఆఫీసు దాకా తోలుకొచ్చింది సలోమి. వెనకే రాజరత్నం వచ్చాడు.

"సార్, తాలూకాలో పులుండాదని పేపర్లో గూడా రాసినారు గదా. ఇదిగో, చూడండి. ఇప్పుడన్నా బోను పెట్టండి."

రేంజరు దిగివచ్చి, బర్రె మెడ చుట్టూ ఓపికగా చూశాడు. పండ్లు దిగిన గాట్లు లోతుగా, వరసగా ఉన్నాయి.

"కుక్క పని," అన్నాడు.

"నాలుగు గాట్లకు ఇంత ఎడముండాదే, ఏం కుక్క సార్ అది?"

"పులి కరిస్తే గాయం గుండ్రంగా పడుతుందమ్మా. ప్రభుత్వ రికార్డులో ఉంది. రాసింది మీ సారే. అడుగు."

సలోమి రాజరత్నం వైపు తిరిగింది. ఆయన దేనికి స్తుతించాలో వెతుకుతున్నట్టు నేల చూస్తున్నాడు. ఆమె బర్రె మెడ మీద ఈగలను కొంగుతో తోలి, రేంజరు వైపే తిరిగింది.

"సరే సార్, కుక్కే అనుకుందాం. మళ్లా వస్తే కట్టె తీసుకోని కొట్టొచ్చునా?"

"కుక్కను కొట్టడానికి మా అనుమతి ఎందుకమ్మా? బాగా కొట్టు," అన్నాడు రేంజరు, మెట్లెక్కుతూ. తలుపు దగ్గర ఆగాడు. "కానీ కొట్టేముందు లాంతరు ఎత్తి మొహం చూసుకో. పులి అయితే జైలుకు పోతావు."