సార్ సెల్ పోయింది

ఆ రోజుకు రామలింగం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేవాలి, తెల్లకోటు వేసుకోవాలి, ఫోన్ రాగానే కారెక్కి షూటింగుకు వెళ్లాలి. తెలుగు లెక్చరరుగా రిటైరై ఫిల్మ్ నగర్‌లో ఫ్లాటు కొనుక్కున్న నాటినుంచీ లిఫ్టులో సినిమావాళ్ల పక్కన పొట్ట బిగబట్టి నిలబడటమే తప్ప, నటిస్తారా అని ఆయన్ను అడిగిన నాథుడు లేడు. ఇన్నాళ్లకు పై అంతస్తులో ఉండే ప్రొడక్షన్ మేనేజర్ తిరుమలేశ్ అడిగాడు. డాక్టరు వేషం. ఒకే ఒక్క డైలాగు: "కంగారు పడకండి, ప్రాణానికేం ప్రమాదం లేదు."

"ఎర్రగడ్డ వైపు ఆసుపత్రిలో తీస్తామో, స్టూడియోలో సెట్ వేస్తామో పొద్దున ఫోన్ చేసి చెప్తాను సార్. మీ ఫోన్ మాత్రం కలవాలి. కలవకపోతే వేరే డాక్టర్ని పెట్టేస్తారు. తర్వాత నన్నేమీ అనుకోవద్దు," అన్నాడు తిరుమలేశ్.

జనవరి చలి ఆ వారం ఫిల్మ్ నగర్ కొండమీద గట్టిగానే కాపురం పెట్టింది. రామలింగం కారులో కూర్చుని తాళం తిప్పాడు. కారు టక్ టక్‌మని ఊరుకుంది. హారన్ కొట్టి చూశాడు. బ్రహ్మాండంగా మోగింది. హారన్ మోగితే బ్యాటరీ బాగున్నట్టే అన్నది ఆయన సిద్ధాంతం. చలికాలం మొదలైనప్పటినుంచీ ఆయన రోజూ తెల్లారగానే ఈ పరీక్ష చేస్తున్నాడు, అపార్ట్‌మెంటు రోజూ తెల్లారగానే ఆయన్ను తిట్టుకుంటోంది.

"నిన్న సాయంత్రమంతా కారులో లైటు వేసుకుని, అద్దంలో చూసుకుంటూ ప్రాణానికేం ప్రమాదం లేదన్నారుగా. పాపం, దాని ప్రాణం తీశారు," అంది బాల్కనీలోంచి ఆయన భార్య శాంత. ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంటే నవ్వుతోందనే ఆయన కారులో కూర్చున్నాడు. ఆ సంగతి ఆవిడ మర్చిపోయింది.

ఆటోమేటిక్ గేరు కారు కాబట్టి తోస్తే స్టార్టయ్యే రకం కాదు. అయితే రోడ్డు వాలుగా ఉంది, వాలు దిగగానే బాలనర్సయ్య అనే మెకానిక్ కొత్తగా షెడ్డు తెరిచాడు. వాచ్‌మన్ ఒక తోపు తోస్తే, రామలింగం తెల్లకోటుతో సహా దొర్లుకుంటూ షెడ్డు ముందు ఆగాడు.

బాలనర్సయ్య బ్యాటరీకి టెస్టర్ తగిలించి తాళం తిప్పమన్నాడు. తిప్పగానే ముల్లు కిందికి పడిపోయింది.

"హారన్ మోగుతోంది కదయ్యా," అన్నాడు రామలింగం.

"హారన్‌కు జర్రంత కరెంటు సాలు సార్. ఇంజన్ తిప్పాల్నంటే దమ్ముండాలె. సలికి ఇంజన్ ఆయిల్ సిక్కగైతది, బ్యాటరీ దమ్ము తగ్గుతది. మంచి బ్యాటరీ అయితే తట్టుకుంటది. మీదాంట్ల ఒక సెల్ పోయింది. కొత్తది ఎయ్యాలె."

కొత్తది కొనే ముందు శాంత చెవిన వేయడం ఆ ఇంటి ఆచారం. కానీ తన ఫోన్ వాడితే సరిగ్గా అప్పుడే తిరుమలేశ్‌కు ఎంగేజ్ వస్తుందేమోనని రామలింగం భయం. అందుకని భార్య నంబరు చెప్పి, విషయం ఆవిడకు చెప్పమని బాలనర్సయ్యను బతిమాలాడు.

బాలనర్సయ్య రెంచి తిప్పుతూనే చెప్పాడు. "అమ్మా, సార్‌ది సెల్ పోయింది. ఇగ పనికిరాదు. కొత్తది తీస్కుంటుండు, మీకు జెప్పమన్నడు." చెప్పి పెట్టేశాడు.

శాంత చురుకైన మనిషి. సిమ్ ఆవిడ పేరుమీదే ఉంది. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి దాన్ని బ్లాక్ చేయించింది. తర్వాత అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో రాసింది: "మావారి సెల్ పోయింది. ఆయన పేరు చెప్పి ఎవరు ఫోన్ చేసినా నమ్మకండి."

ఎంతకీ ఫోన్ మోగకపోయేసరికి రామలింగం జేబులోంచి తీసి చూశాడు. సిగ్నల్ లేదు. బాలనర్సయ్య ఫోన్ తీసుకుని తిరుమలేశ్‌కు చేశాడు.

"నేను నాయనా, రామలింగాన్ని. నా ఫోన్‌కేదో అయింది. ఎక్కడికి రావాలో చెప్పు."

తిరుమలేశ్ అప్పుడే గ్రూపు చూసి ఉన్నాడు. "గొంతు భలే దింపావురా. ఎక్కడున్నావ్ ఇప్పుడు?"

తిరుమలేశ్ 'రా' అనడం కొత్తగా అనిపించినా, సినిమావాళ్ల చనువు అలాగే ఉంటుందనుకున్నాడు రామలింగం. "మన వాలు దిగగానే, బాలనర్సయ్య షెడ్డులో."

"కదలకు. అక్కడికే వస్తున్నా."

దొంగ ఇంత వివరంగా అడ్రసు చెప్పడం తిరుమలేశ్‌కు అనుమానం కలిగించాల్సింది. కలిగించలేదు. రామలింగానికి మాత్రం కళ్లు చెమర్చాయి. తనకోసం బండి పంపుతున్నారు.

బండి వచ్చింది. దాంట్లోంచి ఖాకీ దుస్తుల్లో, లాఠీలతో బిలబిలమంటూ పోలీసులు దిగారు. అందరూ ఆ పూట షూటింగుకు ముస్తాబైన జూనియర్ ఆర్టిస్టులే. ఆ సంగతి తెలియని బాలనర్సయ్య గుండె పట్టుకుని టైరుమీద కూలబడ్డాడు. "నేనేం జెయ్యలే సార్," అన్నాడు.

రామలింగం వంగి అతని నాడి పట్టుకున్నాడు. "కంగారు పడకండి, ప్రాణానికేం ప్రమాదం లేదు."

అందరికంటే వెనక దిగిన తిరుమలేశ్ ఆ మాట విని, వంగి ఉన్న ఆ తెల్లకోటు ఆయనదేనని గుర్తుపట్టాడు. ఇంతలో, దొంగ షెడ్డులో ఉన్నాడని తిరుమలేశ్ గ్రూపులో పెట్టింది చూసి, ఆటోలో శాంత కూడా దిగింది.

"పోయిన సెల్ మీ చేతిలోనే ఉందేమిటండీ?"

"పోయిందని ఎవరన్నారు?"

"నేనే అన్న," అన్నాడు టైరుమీంచి బాలనర్సయ్య. "బ్యాటరీల సెల్లమ్మా."

తిరుమలేశ్ నేలచూపులు చూస్తూ, "మీ ఫోన్ కలవలేదని వేరే డాక్టర్ని పెట్టేశారు సార్," అన్నాడు. పోనీ షూటింగైనా చూస్తారని మొగుడూ పెళ్లాలిద్దర్నీ వ్యానులో ఎక్కించుకున్నాడు. రామలింగం కోటు విప్పలేదు. విప్పితే ఏడుపొచ్చేలా ఉంది.

సెట్‌లో కొత్త డాక్టరు ఠీవిగా నిలబడి "కంగారు పడకండి" అనగానే అతని కోటు జేబులో ఫోన్ మోగింది. మళ్లీ తీశారు. మళ్లీ మోగింది. వాళ్లావిడట. మూడోసారి మోగాక డైరెక్టరు కుర్చీలోంచి లేచి, "ఈ ఊళ్లో సెల్ మోగని డాక్టరే లేడా?" అన్నాడు.

వెనకనుంచి రామలింగం చెయ్యెత్తాడు. "నాది బ్లాక్ అయింది సార్."

డైలాగు ఒక్క టేకులో ఓకే అయింది. అంత క్రమశిక్షణ ఉన్న ఆర్టిస్టును ఈ మధ్య చూడలేదని మెచ్చుకుని, డైరెక్టరు పై వారానికి మరో సీను కూడా ఇచ్చాడు. సాయంత్రానికి కారులో కొత్త బ్యాటరీ పడింది, సిమ్ మళ్లీ పనిచేసింది. షెడ్డునుంచి తిరిగొస్తూ కారులో ఆ డైలాగు ఇంకోసారి చెప్పమని శాంత అడిగింది, ఈసారి నవ్వలేదు.

ఇప్పుడు షూటింగున్న రోజు పొద్దున ఆవిడ ఆయనకు ఇడ్లీ పెట్టి, సిమ్ బ్లాక్ చేయించమంటారా అని అడుగుతోంది.